డెన్మార్క్ గాలి, నడిగడ్డ ఎండ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

తిమ్మప్ప జాతరకు కూడా ఒక్కచోట కలవని మనం ఈరోజు ఇంతమందిమి ఒకే పందిరి కింద కూర్చోవడం చూస్తే కడుపు నిండినట్టుంది.

సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "డెన్మార్క్ పోయొచ్చినవంట గదా, ఆ ముచ్చట్లు ఒక అరగంట చెప్పు, పిల్లలకు పనికొస్తయి" అన్నాడు. సరేనన్నాను. రాసుకోవడానికి కూర్చుంటే తెలిసింది, అక్కడ చూసింది చెప్పాలంటే ముందు ఇక్కడి సంగతి చెప్పాలని.

నేను 1984లో మన బడిలో పదో తరగతి పాసయ్యాను. ఒకరోజు సైన్సు సారు తన సైకిల్‌ను తరగతి గదిలోకి తెప్పించి, సీటు కిందికి, చక్రాలు పైకి వచ్చేట్టు నిలబెట్టించారు. డైనమోను టైరుకు ఆనించి, నన్ను పిలిచి పెడల్ తిప్పమన్నారు. ముందు లైటు వెలిగింది. "కరెంటంటే ఇంతేరా. తిప్పేది ఒకటి ఉండాలె. నీళ్లు తిప్పినా ఇదే, ఆవిరి తిప్పినా ఇదే, గాలి తిప్పినా ఇదే" అన్నారు. గాలి కరెంటును తిప్పుతుందని నేను విన్నది అదే మొదటిసారి. సారు ఏదో మాటవరసకు అన్నారనుకున్నాను.

ఆ రోజుల్లో మోటర్లకు కరెంటు ఎప్పుడొచ్చేదో ఇక్కడ నెరిసిన తలలన్నిటికీ తెలుసు. రాత్రి పన్నెండుకో రెండుకో త్రీఫేజ్ వచ్చేది. మా నాయన ఒక చేత టార్చి, ఒక చేత కట్టె పట్టుకుని చేనికి పోయేవాడు. ఒక వానాకాలం రాత్రి స్టార్టర్ డబ్బా దగ్గర షాక్ కొట్టి పడిపోయాడు. బతికాడు గానీ కుడిచేతి రెండు వేళ్లు మళ్లీ చక్కగా చాపలేకపోయాడు. అన్నం కలిపేటప్పుడల్లా ఆ వేళ్లు నాకు కనపడేవి. నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదవడానికి కారణం అడిగితే ఇంతకంటే వేరే చెప్పలేను. 2018 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. అప్పటికి మా నాయన లేడు.

ఉద్యోగంలో మొదట సబ్‌స్టేషన్ల పని చేశాను. తర్వాత సోలార్ ప్రాజెక్టుల్లోకి వచ్చాను. ఆ పని మీదే 2023 సెప్టెంబరులో డెన్మార్క్ పోయాను. పల్లెల్లో సౌర, పవన విద్యుత్తు ఎట్లా పెంచాలన్న దాని మీద కొన్ని దేశాల ఇంజనీర్లు కలిసి చేస్తున్న ఒక ప్రాజెక్టు సమావేశం అది. మన దేశం నుంచి ముగ్గురం పోయాం.

విమానం కోపెన్‌హాగెన్‌లో దిగుతుంటే కిటికీలోంచి సముద్రంలో వరుసగా తెల్లటి గాలిమరలు కనపడ్డాయి. విల్లులా వంగిన వరుస. లెక్కపెడితే ఇరవై. దాని పేరు మిడెల్‌గ్రుండెన్. ఒక్కొక్కటి 2 మెగావాట్లు, మొత్తం 40 మెగావాట్లు. 2000లో కట్టారు. మన జూరాలలో ఒక్క యూనిట్ 39 మెగావాట్లు, అట్లాంటివి ఆరున్నాయి. కాబట్టి అది నాకు పెద్ద విశేషంగా అనిపించలేదు. మరునాడు వాళ్లు చెప్పిన సంగతి మాత్రం విశేషంగా అనిపించింది. ఆ ఇరవైలో పది నగర విద్యుత్ సంస్థవి, మిగతా పది ఒక సహకార సంఘానివి. ఆ సంఘంలో ఎనిమిదిన్నర వేలకు పైగా మామూలు జనం వాటాదారులు. బడి పంతులు, నర్సు, రిటైరైన ముసలామె కూడా తలా కొన్ని వాటాలు కొనుక్కున్నారట. ఒడ్డున నిలబడి "అందులో నాదీ కొంచెం ఉంది" అని వేలు పెట్టి చూపిస్తారట.

నగరం గురించి ఎక్కువ చెప్పను. సైకిళ్లకు వేరే రోడ్డు, వేరే సిగ్నల్ ఉన్నాయి. కోటు వేసుకున్న ఆఫీసరు కూడా సైకిల్ మీదే వస్తాడు. చలి సెప్టెంబరులోనే మొదలైంది. మా ఇంట్లోవాళ్లు కట్టిచ్చిన జొన్నరొట్టెలు, పల్లికారం మూడు రోజులు నన్ను కాపాడాయి.

సమావేశం జరిగింది నగరంలో కాదు, సామ్సో అనే దీవిలో. కోపెన్‌హాగెన్ నుంచి కాలుండ్‌బోర్గ్ దాకా రైలు, అక్కడి నుంచి పడవ. పడవంటే మన కృష్ణలో పుట్టిలాంటిది అనుకోకండి. కార్లు, లారీలు కూడా ఎక్కే పెద్ద ఓడ. దీవి మొత్తం 114 చదరపు కిలోమీటర్లు. జనం నాలుగు వేల లోపే. మన మండలంలో రెండు మూడు ఊళ్లు కలిపితే అంతమంది అవుతారు. పంట ముఖ్యంగా ఆలుగడ్డ. సామ్సో ఆలుగడ్డ అంటే డెన్మార్క్ అంతా పేరు. చేను గెట్టు మీద చిన్న బల్ల వేసి, ఆలుగడ్డ సంచులు పెట్టి, పక్కన డబ్బుల డబ్బా ఉంచుతారు. మనిషి ఉండడు. కావలసినవాళ్లు సంచి తీసుకుని డబ్బులు వేసి పోతారు.

ఆ దీవి సంగతి ఇది. 1997లో డెన్మార్క్ ప్రభుత్వం ఒక పోటీ పెట్టింది. పదేళ్లలో తనకు కావలసిన శక్తినంతా గాలి, ఎండ, గడ్డి లాంటి వాటితోనే సమకూర్చుకోగల దీవి ఏదో చెప్పమంది. సామ్సో గెలిచింది. గెలిచినందుకు డబ్బు సంచులేమీ ఇవ్వలేదు, పేరొక్కటే వచ్చింది. అప్పటిదాకా ఆ దీవికి ఓడల్లో ఆయిల్, సముద్రం అడుగున కేబుల్‌లో కరెంటు బయటి నుంచే వచ్చేవి. 2000 నాటికి నేల మీద ఒక్కొక్కటి 1 మెగావాట్ చొప్పున 11 గాలిమరలు నిలబడ్డాయి. దీవికి కావలసిన కరెంటుకు అవి సరిపోయాయి. తర్వాత రెండు మూడేళ్లలో సముద్రంలో 2.3 మెగావాట్లవి ఇంకో పది పెట్టారు. కార్లు, ట్రాక్టర్లు, ఓడలు తాగే నూనెకు లెక్క సరిచేయడానికి అవి.

చలిదేశం కాబట్టి ఇల్లు వెచ్చగా ఉంచడం అక్కడ పెద్ద ఖర్చు. గోధుమ కోసిన తర్వాత మిగిలిన గడ్డిని కట్టలు కట్టి రైతులు ఊరి బాయిలర్‌కు అమ్ముతారు. అక్కడ నీళ్లు కాచి, భూమిలో వేసిన పైపుల్లో ఇంటింటికీ పంపుతారు. ఆ గడ్డికట్టల గుట్ట ముందు నిలబడితే నాకు మన ఊరి పత్తికట్టె గుర్తొచ్చింది. మనం దాన్ని చేన్లోనే కాలబెట్టి, పొగకు కళ్లు నులుముకుంటూ ఇంటికి వస్తాం.

రెండో రోజు నా వంతు వచ్చింది. మేము కట్టిన ఒక సోలార్ ప్లాంటు గురించి చెప్పాను. అది మన జిల్లాలోది కాదు. ఎన్ని మెగావాట్లు, ఎన్ని ఎకరాలు, ఏడాదికి ఎన్ని యూనిట్లు, ఎన్ని నెలల్లో పూర్తిచేశాం, అన్నీ రంగురంగుల బొమ్మలతో చూపించాను. చప్పట్లు కొట్టారు. ఆ రోజు దీవి రైతులు కూడా కొందరు వచ్చి వెనక కూర్చున్నారు. ఒక పెద్దాయన చెయ్యెత్తాడు. పక్కనున్న అమ్మాయి ఆయన మాటను ఇంగ్లిషులో చెప్పింది.

"ఆ ఊరివాళ్లకు అందులో ఎన్ని వాటాలు ఉన్నాయి?"

వాటాలు లేవు, ఉద్యోగాలు ఇచ్చాం అన్నాను.

"ఏం ఉద్యోగాలు?"

కాపలా పని, ప్యానెళ్లు కడిగే పని, గడ్డి కోసే పని అన్నాను. ఆయన తల ఊపి కూర్చున్నాడు. ఎగతాళి చేయలేదు, కోప్పడలేదు. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు.

సాయంత్రం ఆయనే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వాళ్ల 11 గాలిమరల్లో తొమ్మిది రైతులవి, రెండు సహకార సంఘాలవి అని చెప్పాడు. సముద్రంలో ఉన్న పదింటిలో అయిదు మునిసిపాలిటీవి, మిగిలినవి రైతులవీ చిన్న వాటాదారులవీ. "మొదట్లో మాకూ ఇష్టం లేదు. చప్పుడొస్తుంది, ఊరి అందం పోతుంది అన్నాం. ఏళ్ల తరబడి మీటింగులు జరిగాయి. కాఫీ తాగి, బీరు తాగి, తిట్టుకుని, మళ్లీ కలిశాం" అన్నాడు. ఆ మీటింగులు నడిపిన మనిషి సోరెన్ హెర్మన్సెన్. ఆ దీవిలోనే పుట్టి, వ్యవసాయం చేసి, అక్కడే పిల్లలకు పర్యావరణం పాఠాలు చెప్పిన పంతులు. 2008లో టైమ్ పత్రిక పర్యావరణ వీరుల జాబితాలో ఆయన పేరు వేసింది. జనం పర్యావరణం మీద ప్రేమతో ముందుకు రాలేదని, "నాకేమొస్తుంది" అని అడిగితే జవాబు దొరికింది కాబట్టి వచ్చారని ఆ పెద్దాయన నవ్వుతూ ఒప్పుకున్నాడు. గాలి కరెంటుకు పదేళ్లపాటు నిర్ణీత ధర ఇస్తామని ప్రభుత్వం చట్టంలో రాసింది. ఆ కాగితం చూపిస్తే బ్యాంకు అప్పు ఇచ్చింది. ఇంట్లో కూర్చున్నవాడికి గాలిమర చప్పుడు వినపడుతుంది. అందులో తన వాటా ఉంటే ఆ చప్పుడు వేరేగా వినపడుతుంది. అంతే తేడా అన్నాడు.

డెన్మార్క్ అంతా ఇట్లాగే ఉందని చెప్పను. చాలా చోట్ల పెద్ద కంపెనీల గాలిమరలను ఊళ్లు వద్దన్నాయి. ఆ గొడవలు చూసే 2009లో ఒక చట్టం తెచ్చి, కొత్త గాలిమర పెట్టేవాళ్లు కనీసం 20 శాతం వాటా చుట్టుపక్కల జనానికి అమ్మజూపాలన్నారు. తర్వాత 2020లో ఆ నియమం తీసేశారు. చట్టాలు వస్తాయి, పోతాయి. సామ్సోలో పిల్లలు కూడా చదువుల కోసం దీవి వదిలిపోతున్నారు. అది మన కష్టమే, వాళ్లకూ ఉంది.

మూడో రోజు దీవి ఉత్తరాన ఉన్న బాయిలర్ చూపించారు. కట్టె ముక్కలతో పాటు ఎండతో కూడా నీళ్లు కాచేది. రెండున్నర వేల చదరపు మీటర్ల సోలార్ పలకలు వరుసలుగా పెట్టారు. వాటి కింద గొర్రెలు మేస్తున్నాయి. గడ్డి పెరగకుండా అవే చూసుకుంటాయని చెప్పారు.

అందరూ ఫొటోలు తీసుకున్నారు. నేను తీసుకోలేదు. నేను బొమ్మలతో చూపించిన ఆ ప్లాంటు దగ్గర, కంచె వేసేటప్పుడు, ఒక గొల్లాయన వచ్చి "సారూ, మా మంద పోయే బాట ఇదే. ఒక దారి వదలండి" అని అడిగాడు. రికార్డులో బాట లేదన్నాను. నిజమే, రికార్డులో లేదు. ఆయన రెండుమూడు సార్లు వచ్చాడు, తర్వాత రావడం మానేశాడు. గొర్రెలు అమ్మేసుకున్నాడని తర్వాత తెలిసింది. భూమి ఉన్నవాళ్లకు పైసలొచ్చాయి. ఆయనకు భూమి లేదు, అందుకే మా లెక్కల్లో ఆయన లేడు. లోపలికి మంద వస్తే వైర్లు పాడవుతాయని నేనే రాసిన రిపోర్టు మీద నా సంతకం ఉంది. వైర్లను కొంచెం ఎత్తున కట్టి, గొర్రెలను రానిస్తే సరిపోతుందని తెలుసుకోవడానికి నేను సముద్రం దాటి పోవలసి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో అస్కోవ్ అనే పల్లెకు తీసుకుపోయారు. బడి గురించి మాట్లాడుకునే ఈ రోజున మీకు తప్పక చెప్పాల్సింది ఇదే. అస్కోవ్‌లో రైతుల పిల్లల కోసం నడిచే ఒక బడి ఉండేది. అక్కడ పౌల్ లా కూర్ అనే సైన్సు పంతులు 1891లో బడి పక్కనే గాలిమర కట్టి కరెంటు తీశాడు. గాలి లేనప్పుడు ఏం చేయాలి? ఆ కరెంటుతో నీళ్లను విడగొట్టి హైడ్రోజన్ దాచి, దానితో బడిలో దీపాలు వెలిగించాడు. ఒకటి రెండు సార్లు ఆ గ్యాసు పేలి కిటికీ అద్దాలు పగిలాయట. అయినా బడివాళ్లు ఆయన్ను మానమనలేదు. 1904 నుంచి పల్లెటూరి కుర్రాళ్లకు కరెంటు పని నేర్పే తరగతులు పెట్టాడు. ఆ మొదటి తరగతిలో కూర్చున్న కుర్రాళ్లలో ఒకడు యోహానెస్ యూల్. ఆ కుర్రాడే పెద్దయ్యాక 1957లో గెడ్సర్ అనే ఊళ్లో 200 కిలోవాట్ల గాలిమర నిలబెట్టాడు. మూడు రెక్కలది. ఈరోజు ప్రపంచమంతా తిరిగే గాలిమరలకు అది పెద్దముత్తాత లాంటిది. ఇప్పుడు డెన్మార్క్ కరెంటులో సగానికి పైగా గాలి నుంచే వస్తోంది. మొదలు మాత్రం ఒక పల్లెటూరి బడి, ఒక సైన్సు సారు, ముందు వరుసలో కూర్చున్న ఒక కుర్రాడు.

నాకు మన సారు తలకిందులుగా నిలబెట్టిన సైకిల్ గుర్తొచ్చింది. ఆ మాట ఆయనకు చెప్పుకోవడానికి ఇప్పుడు ఆయన లేరు.

ఇక మన సంగతికి వస్తాను. కృష్ణ, తుంగభద్రల మధ్య ఉన్న ఈ నడిగడ్డకు ఎండ కొదవ లేదు. గట్టు మండలంలో పెద్ద సోలార్ పార్కు వస్తుందని పదేళ్ల కింద చెప్పుకున్నాం, అది రాలేదు. నది దాటితే అప్పటి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల పార్కు వచ్చింది. కర్ణాటకలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్న పావగడలో 2050 మెగావాట్ల పార్కు వచ్చింది. అక్కడ రైతుల దగ్గర భూమి కొనలేదు, లీజుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. కరువు భూమికి అది మంచి రాబడే అని రైతులు అన్నారు. భూమి లేని కూలీలు, మందలవాళ్లు మాత్రం మాకేమీ మిగల్లేదన్నారు.

లెక్క చూడండి. ఒక మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు పడుతుంది. మన ఎండకు ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు వస్తుంది. యూనిట్‌కు మూడు రూపాయలు వేసుకున్నా 45 లక్షలు. అదే నాలుగు ఎకరాలు పావగడ ధరకు లీజుకిస్తే 84 వేలు. ఆ 45 లక్షలూ లాభం కాదు. ప్లాంటు పెట్టడానికి కోట్లు కావాలి, అప్పుకు వడ్డీ కట్టాలి, ఇన్వర్టర్లు పాడవుతాయి. పెట్టుబడి పెట్టినవాడికి లాభం రావాల్సిందే. కానీ ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసుకున్న తర్వాత సంతకం పెట్టడం వేరు, చూడకుండా పెట్టడం వేరు.

సీడ్ పత్తి పండించే ఊళ్లకు ఈ మాట నేను చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున లేచి పువ్వు పువ్వుకూ క్రాసింగ్ చేసేది మన ఆడపిల్లలు. అడ్వాన్సు ఇచ్చేది ఆర్గనైజరు, ప్యాకెట్ మీద పేరు ఇంకొకరిది. పాసయిందో ఫెయిలయిందో చెప్పే పరీక్ష ఎక్కడో జరుగుతుంది. భూమి మనది, కష్టం మనది, ధర మాత్రం మనకు చివరన తెలుస్తుంది. ఎండ విషయంలో కూడా అట్లా జరగకూడదని నా భయం.

నేను తిరిగొచ్చిన ఏడాదికి మా అన్న ఫోన్ చేశాడు. "తమ్మీ, సోలార్‌కు భూమి లీజుకు అడుగుతున్నరు. ఏం చేద్దం?" ఊరికొచ్చి కాగితాలు చూశాను. అన్నీ ఇంగ్లిషులోనే ఉన్నాయి. తెలుగు కాపీ అడిగాం. లీజు డబ్బు ఆగిపోతే ఏమిటి, గడువు తీరాక కాంక్రీటు ఎవరు తీస్తారు, గొర్లబాట వదులుతారా, ఊరికి కొంత వాటా కొనుక్కునే వీలుందా అని నాలుగు ప్రశ్నలు రాసిచ్చాం. వచ్చినాయన మర్యాదగానే తీసుకుపోయాడు. మళ్లీ రాలేదు. వేరే ఊళ్లో భూమి దొరికిందట. మా అన్న ఒక్కమాట అనలేదు. కానీ ఆ ఏడాది కందులు ఎండిపోయినప్పుడు, లీజు డబ్బు వచ్చుంటే బాగుండేదని వదిన అన్నది. ఆమె అన్నది తప్పు కాదు. నేను అడిగిన ప్రశ్నలూ తప్పు కాదు. ఒక్క ఇల్లు అడిగితే వాళ్లు పక్క ఊరికి పోతారు. పక్క ఊరు కూడా అవే ప్రశ్నలు అడిగితే ఎక్కడికి పోతారు? సామ్సోలో అందరూ కలిసి అడిగారు. నాకు అర్థమైన తేడా అది.

దారులు లేకపోలేదు. 2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకం కింద రైతులు, రైతు సంఘాలు బీడు భూమిలో సబ్‌స్టేషన్‌కు దగ్గరగా అర మెగావాట్ నుంచి 2 మెగావాట్ల దాకా సొంతంగా పెట్టుకునే వీలు కల్పించారు. మహిళా సంఘాలతో ప్లాంట్లు పెట్టించే పని మన రాష్ట్రం మొదలుపెట్టింది. మన పాత పాలమూరులోనే, నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో ఇళ్ల మీదికి సోలార్ వచ్చింది. అదే జిల్లా మాచారంలో 2025 మేలో గిరిజన రైతులకు సోలార్ పంపుల పథకం మొదలైంది. మా అన్నా, ఇంకో అయిదుగురు రైతులూ కలిసి ఇప్పుడు కుసుమ్ గురించి బ్యాంకు చుట్టూ తిరుగుతున్నారు. అవుతుందో కాదో తెలియదు.

మన సంఘానికి మూడు మాటలు మనవి చేసి ముగిస్తాను. ఒకటి, మన బడి కప్పు మీద సోలార్ పెడదాం. పెట్టి వదిలేయకుండా, దాని మీటర్‌ను తరగతి గది గోడకు బిగిద్దాం. రోజూ ఎంత వచ్చిందో పిల్లలే నల్లబల్ల మీద రాయాలి. నా వంతు ఖర్చు నేను ఇప్పుడే ఇస్తున్నాను. రెండు, వేసవి సెలవుల్లో పదో తరగతి అయిన పిల్లలకు, ఆడపిల్లలకు కూడా, ప్యానెల్ బిగించడం, ఇన్వర్టర్ చూడడం నేర్పుదాం. నేర్పడానికి నేనొస్తాను. మూడు, ఏ ఊళ్లో ఎవరి దగ్గరికి లీజు కాగితం వచ్చినా, సంతకానికి ముందు మన సంఘానికి తెచ్చి చూపించమందాం. మనలో వకీళ్లు, తహసీల్దార్లు, ఇంజనీర్లు, బ్యాంకు మేనేజర్లు ఉన్నారు. అందరం ఈ బడి బల్లల మీద కూర్చున్నవాళ్లమే. ఒక పూట కూర్చుని చదివి పెట్టలేమా? ఆ చదివేటప్పుడు భూమి ఉన్నవాళ్లనే కాదు, గొర్లబాట అడిగేవాళ్లను కూడా పిలవాలి. ఇది నా తప్పు నుంచి నేర్చుకున్నది.

మళ్లీ అట్లాంటి సమావేశానికి పోతే, వెనక వరుసలో నుంచి ఎవరైనా చెయ్యెత్తి "ఊరివాళ్లకు ఎన్ని వాటాలు?" అని అడిగితే, మల్దకల్ పేరు చెప్పి ఒక అంకె చెప్పాలని నా కోరిక. చిన్న అంకె అయినా ఫర్వాలేదు.